పటిక నీళ్ళ బొమ్మ

వకుళకు పట్నంలో సన్మానం జరిగిన వారానికి మునిరత్నమ్మ ఇంటికి పాలు రావడం ఆగిపోయింది.

పాలు ఆగితే కాఫీ ఆగుతుంది, అంతేగా అనుకుంటారు తెలియనివాళ్ళు. కలంకారీ వేసే ఇంట్లో పాలు ఆగితే పనే ఆగుతుంది. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేసి, ఆ తర్వాతే కలం పట్టాలి. పాలలో వెన్న ఉంటేనే గీత పెట్టినచోట నిలబడుతుంది. లేకపోతే రంగు పక్కకు పాకిపోతుంది. సీతమ్మకు ముక్కు గీస్తే అది రావణాసురుడి మీసమై కూర్చుంటుంది.

ఆ పాలు పోసేది చెంగమ్మ. ఏళ్ళ తరబడి తెల్లారేసరికి ఆమె బిందె చప్పుడు వాకిట్లో వినిపించేది. ఇప్పుడు వినిపించడం లేదు.

కొన్నాళ్ళు చూసి వకుళ అంగడికి పోయి ప్యాకెట్ పాలు తెచ్చింది. గుడ్డ తడిపింది, ఆరేసింది, నల్లరంగులో కలం ముంచి ఒక ఆడమనిషి వీపు గీసింది. గీత పడినట్టే పడి, చూస్తుండగానే అటూ ఇటూ పాకింది. వీపు మీద వెంట్రుకలు మొలిచినట్టయింది.

"ఈ పాలు పనికిరావమ్మా," అంది విసుగ్గా.

మునిరత్నమ్మ అరుగు మీద కూర్చుని కొత్త కలం కోసం వెదురుపుల్ల కొనకు ఉన్ని చుట్టి దారం కడుతోంది. తల ఎత్తలేదు.

"వెన్న తీసేసిన పాలు. గీతను పట్టుకోలేవు," అంది. "చెంగమ్మ ఎందుకు రాలేదో కనుక్కున్నావా?"

వకుళకు తెలుసు. తెలుసు కాబట్టే కనుక్కోలేదు.

మునిరత్నమ్మకు డెబ్భై దాటాయి. స్వర్ణముఖి ఏటి ఒడ్డున ఆ పాత మిద్దెలో ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆమె దగ్గర నేర్చుకోవడమంటే ఏళ్ళకేళ్ళు గుడ్డలు ఉతకడమే అని ఊళ్ళో ఒక ఎగతాళి. మాట తక్కువ మనిషి. నోట్లో తమలపాకు ఉండటం వల్ల మాట్లాడదని కొందరంటారు, మాట్లాడటం ఇష్టంలేకే తమలపాకు వేసుకుంటుందని కొందరంటారు. రెండూ నిజమే కావచ్చు.

శిష్యులందరిలోకీ చెయ్యి తిరిగింది వకుళ. అందులో పేచీ లేదు. ఒక సంచీతో వచ్చింది, ఉతకమంటే ఉతికింది, ఉడికించమంటే ఉడికించింది, కలం చేతికి వచ్చాక దేవుళ్ళను పక్కన పెట్టింది.

"మీరు సీతమ్మ దుఃఖం వేస్తారమ్మా," అంది ఒకనాడు. "సీతమ్మ ఎప్పుడో భూమిలో కలిసిపోయింది. బతికున్న ఆడోళ్ళ దుఃఖం ఎవరు వెయ్యాల?"

"వెయ్యి. ఎవురొద్దన్నారు?" అంది మునిరత్నమ్మ. అనడమే కాదు, పెట్టెలోంచి మంచి గాడా తీసి ఇచ్చింది.

వకుళ వేసింది. పడుచు వయసులోనే గర్భసంచి తీయించుకుని పొలం పనికి పోయే ఆడవాళ్ళను వేసింది. మొగుడి తాగుడుకు తాళి అమ్ముకున్నామెను వేసింది. అవి చూసి నిలబడిపోని మనిషి లేడు. ఆ ఆడవాళ్ళలో కొందరు తమ బొమ్మ పక్కన నిలబడి ఫొటో కూడా తీయించుకున్నారు. వాళ్ళను ముందే కూర్చోబెట్టి అడిగింది కాబట్టి ఆ బొమ్మలు వాళ్ళవి కూడా అయ్యాయి.

చెంగమ్మను మాత్రం అడగలేదు.

చెంగమ్మ మెడకు కిందుగా, భుజం మీద నెలవంకలా ఒక మచ్చ ఉంది. పాలు పోయడానికి వంగినప్పుడు కనిపించేది. చిన్నప్పుడు గంజి ఒలికిందని ఊరందరికీ చెప్పుకుంది. ఊరు నమ్మింది. గంజి నెలవంకలా ఒలుకుతుందా అని ఎవరూ అడగలేదు.

వానాకాలంలో ఒక పొద్దున, వాన తగ్గేదాకా అరుగు మీద కూర్చున్నప్పుడు, ఆమె వకుళకు ఉన్నమాట చెప్పింది. అది గంజి కాదు, వాత. గొడ్డుకు రోగమొస్తే ఇనుము కాల్చి పెట్టే వాత. మొగుడు పెట్టాడు. పాలు పోసి ఆలస్యంగా వచ్చిందని, ఎవరితో మాట్లాడుతూ ఉండిపోయావని. ఆ పూట కాళ్ళు కదలకుండా పట్టుకుంది అత్త కుప్పమ్మ.

మొగుడు పోయి చాలాకాలమైంది. అత్త ఉంది. కళ్ళు పోయాయి. చెంగమ్మే ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది. ఆ ఇద్దరూ ఆ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోవడం మీదే ఆ ఇల్లు నిలబడింది.

చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, "వాన నిలిచింది పాపా, పోయొస్తా," అని బిందె ఎత్తుకుని పోయింది. ఎవరికీ చెప్పొద్దని ఆమె అనలేదు. అనాల్సిన అవసరం ఉంటుందని ఆమెకు తోచలేదు.

ఆ బొమ్మే వకుళకు పేరు తెచ్చింది. బోర్లా పడుకున్న ఆడమనిషి, నేలంతా పరుచుకున్న జుట్టు, భుజం మీద ఎర్రగా నెలవంక. కాళ్ళ దగ్గర రెండు ముసలి చేతులు మడమలను అదిమి పట్టుకుని. ఒక చేతి మణికట్టు మీద తేలు పచ్చబొట్టు, తోక సగంలోనే తెగిపోయిన తేలు. పొడిచేవాడు పొడుస్తుండగా చిన్నప్పటి కుప్పమ్మ నొప్పికి చెయ్యి లాక్కుందట. ఆ సంగతి కూడా చెంగమ్మే నవ్వుతూ చెప్పింది ఇంకెప్పుడో.

పట్నంలో ఆడవాళ్ళ హక్కుల కోసం పనిచేసే వాళ్ళు ఆ బొమ్మను ప్రదర్శనలో పెట్టారు. వకుళకు శాలువా కప్పారు. ఆమె మైకు ముందు నిలబడి, "గొంతు లేని ఒక గాయానికి నేను గొంతునిచ్చాను," అంది. చప్పట్లు కొట్టారు. ఎవరి గొంతు ఎవరు ఇచ్చారని అక్కడ అడిగేవాళ్ళు లేరు. అడిగే మనిషి ఆ పొద్దు ఇక్కడ ఎనుము పొదుగు కడుగుతోంది.

మహిళా దినోత్సవానికి ఆ బొమ్మనే పోస్టరు చేసి ఊరూరికీ పంపారు. పైన పెద్దక్షరాలతో 'మౌనం వీడండి' అని. ఆ పోస్టరు ఇక్కడి బస్టాండు గోడకూ ఎక్కింది.

మౌనం వీడింది. వీడింది చెంగమ్మ కాదు, ఊరు.

ఆ తేలును గుర్తుపట్టడానికి ఊరికి ఒక పూట పట్టింది. పచ్చబొట్టు తెగిన కుప్పమ్మ చేతిని ఎరగనివాళ్ళు ఆ వీధిలో లేరు. ఆ చేతులు ఎవరివో తెలిశాక ఆ భుజం ఎవరిదో తెలియడానికి ఎంతసేపు? ఒకామె ఇంటికే వచ్చి, "నీ చెయ్యి బస్టాండులో ఉండాదంట కదా అత్తా," అని గుడ్డి ముసలామె చెవిలో వేసి పోయింది. పరామర్శకే వచ్చానంది పైగా.

కుప్పమ్మ ఆరోజు నుంచి గోడవైపు తిరిగి పడుకుంది. చెంగమ్మ చేతి ముద్ద నోట పెట్టలేదు. ఇక ఊరి సంగతి చెప్పాలా? ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా, చచ్చినోడి పరువు తీసింది, ముసలిదాన్ని బజారుకెక్కించింది, ఎంతిచ్చారో పట్నమోళ్ళు అన్నారు. వాత పెట్టినవాణ్ణి మాత్రం ఒక్కరూ ఒక్క మాట అనలేదు. పాలు మానుకున్నవాళ్ళు మానుకున్నారు. కొనేవాళ్ళ ఇళ్ళకు చెంగమ్మే పోవడం మానేసింది.

గురువు అడిగాక తప్పక వకుళ చెంగమ్మ ఇంటికి వెళ్ళింది. చేతిలో చెంబు, సంచీలో సన్మానంలో కప్పిన శాలువా. శాలువా ఎందుకు తీసుకుపోయిందో తర్వాత తలచుకుంటే ఆమెకే సిగ్గేసింది.

చెంగమ్మ వాకిట్లో దూడను కడుతోంది. పక్కన ఎనుము పొదుగు నిండుగా నిలబడి ఉంది.

"చెంగక్కా, పాలు..."

"పాలు లేవమ్మా."

ఎప్పుడూ పాపా అని పిలిచే మనిషి. వకుళ శాలువా బయటికి తీయకుండానే తిరిగి వచ్చింది.

వచ్చి, గురువు ముందు కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కింది.

"నేనేం తప్పు చేసినానమ్మా? ఆమె కోసమే కదా వేసింది? చేసినోడు చేసి పోయినాడు, ఊరు వాణ్ణి వదిలేసి ఆమెను తిడతాంటే అది నా తప్పా? ఇట్టాంటివి దాచిపెట్టే కదా ఇన్నాళ్ళూ ఆడోళ్ళు నలిగిపోయింది?"

ఆమె మాటల్లో అబద్ధమేమీ లేదు. అదే వచ్చిన చిక్కు.

మునిరత్నమ్మ వింటోంది.

"పేరు రాయలేదు. ఊరు రాయలేదు," అంది వకుళ. "ముఖం కూడా వెయ్యలేదు కదమ్మా. ఆమెదని ఎవరికి తెలుస్తుంది?"

మునిరత్నమ్మ లేచి వాకిట్లోకి పోయి తమలపాకు ఉమ్మి వచ్చింది.

"సీతమ్మ మన వాకిట్లోకి పాలు పొయ్యను రాదు. అందుకని ఆమెను వెయ్యడం తేలిక," అంది.

వకుళకు ఆ మాట ఎత్తిపొడుపులా తగిలింది. తగిలింది గానీ దిగలేదు. ఎందుకంటే ఆమె మనసు అప్పటికే వేరేచోట ఉంది. ఢిల్లీ నుంచి కబురు వచ్చింది. అదే ఆడమనిషి బతుకంతా పెద్ద గుడ్డ మీద కావాలట, పెళ్ళి దగ్గర నుంచి పాల బిందె దాకా. వచ్చే నెల వ్యాను పంపుతారట. గుడ్డకు నల్లగీతలు వేయడం అప్పుడే మొదలుపెట్టింది కూడా. గీతలు పాకుతున్నాయని ఆమె బాధ.

"ఒప్పుకోమంటారా అమ్మా?" అని అడిగింది. అడగడం మర్యాదకే.

గురువు అవుననలేదు, కాదనలేదు. "చెంగమ్మ పాలలో తడిపిన గుడ్డ ఒకటి మిగిలుండాది నా పెట్టెలో. రెండు నాళ్ళు నాకు పనుండాది దాంతో. ఆనక నువ్వే ఉడికించాల," అంది.

ఆ రెండు నాళ్ళూ మునిరత్నమ్మ ముందు గదిలో తలుపు దగ్గరేసుకుని కూర్చుంది. అలా ఎప్పుడూ కూర్చోదు. ఆమె వేస్తుంటే పిల్లా జెల్లా చుట్టూ చేరడమే ఆ ఇంటి వాడుక. తర్వాత తనే గుడ్డను ఏటికి తీసుకుపోయి పారే నీళ్ళలో జాడించి తెచ్చింది.

పొద్దున పెరట్లో రాగి కాగు కింద మంట పెట్టారు. నీళ్ళు మసులుతుంటే ఎరుపు దిగే మంజిష్ఠ వేళ్ళు వేశారు. కట్టెలు ఎగదోయడానికి ఎప్పటిలా పక్కింటి దేశమ్మ వచ్చింది. నోరు మంచిదే గానీ ఊరుకోదు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉతికిన గుడ్డలు ఆరేస్తున్నారు.

వకుళ గుడ్డ విప్పి చూసింది. లేత పసుపు గుడ్డ, అంతే. ఒక్క నల్లగీత లేదు.

"అంతా పటికతోనే గీసినారా?"

"ఊఁ."

పటిక నీళ్ళకు రంగు లేదు. గుడ్డ మీద గీస్తే ఆరిపోయాక ఏమీ కనిపించదు. ఎర్రవేళ్ళ నీళ్ళలో ఉడికినప్పుడు పటిక పడినచోటు మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అప్పటిదాకా ఆ బొమ్మ గీసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

"ఏం బొమ్మమ్మా?"

"ఉడికితే నీకే తెలుస్తుంది," అని మునిరత్నమ్మ పోయి పెరటి అరుగు మీద కూర్చుంది.

వకుళ గుడ్డను కాగులో వేసి కర్రతో తిప్పుతోంది. ఇష్టమైన పని అది. ఏమీ లేనిచోట మెల్లగా ఎరుపు తేలుతుంటే ఎన్నిసార్లు చూసినా ఆమెకు తనివి తీరదు. మొదట నిలువుగా ఒక గీత తేలింది. పక్కన ఇంకొకటి. తలుపు. మూసిన తలుపు.

కర్రతో తిప్పింది. గుడ్డ మునిగి, ఇంకో వైపు తేలింది. మూటలు, ఒకదానిమీద ఒకటి.

"వడ్ల బస్తాలే," అంది దేశమ్మ, కాగులోకి తొంగిచూసి. "ఇదేం పురాణమబ్బా?"

వకుళ గుడ్డను ఇంకాస్త తిప్పింది. పైన చిన్న కిటికీ, దానికి మూడు ఊచలు. మధ్య ఊచ వంగి ఉంది.

ఆ వంగిన ఊచ ఆమెకు తెలుసు. ఎన్ని పగళ్ళు దాన్నే చూస్తూ గడిపిందో. ఎండ దాని మీద పడి బస్తాల మీద వంకర నీడ వేసేది.

ఈ ఊళ్ళో వకుళ పెళ్ళి కాని పిల్ల. పని మీద పిచ్చితో ఇల్లు వదిలి వచ్చిందని అందరికీ తెలుసు, అంటే అందరూ అనుకుంటారు. పెళ్ళయిందని, కట్నం కోసం కాదు, బొమ్మలు గీస్తుందన్న ఎగతాళే ముదిరి మొగుడు వడ్ల గదిలో పెట్టి తాళం వేసేవాడని, ఆ గదిలోనే కడుపు పోయిందని ఒక్క మనిషికి తెలుసు. వచ్చిననాడు, ఏమీ అడగకుండా అన్నం పెట్టిన ఈ అరుగు మీది మనిషికి. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఈ ఇంట్లో వినిపించలేదు.

"ఆడమనిషే!" అంది దేశమ్మ. "మోకాళ్ళు ముడుచుకుని కూర్చోనుండాది సూడు. కడుపు పట్టుకునుండాది. అయ్యో, కడుపుతో ఉన్నట్టుండాదే పాపం."

ఆరేస్తున్న ఇద్దరూ గుడ్డలు వదిలేసి వచ్చారు.

"చేతిలో అదేంది, గాజుపెంకా?"

"గోడ మీద దాంతోనే గీస్తాండాది. తీగ గీసింది సూడు, ఆకులు."

"యాడ జరిగిందమ్మా ఇది? మన ఊళ్ళోదేనా?" దేశమ్మ అరుగువైపు తిరిగి అరిచింది.

"తెలిసినామెదే," అంది మునిరత్నమ్మ.

వకుళ చేతిలో కర్ర కదలడం లేదు. తను తిప్పకపోయినా నీళ్ళు మసిలి గుడ్డను వాటంతటవే తిప్పుతున్నాయి. ముడుచుకున్న మోకాళ్ళు తేలాయి, జారిన జడ తేలింది, జడ కుప్పె తేలింది. ఇంక తేలాల్సింది ముఖం. ముగ్గురూ దాని కోసమే వంగి చూస్తున్నారు.

"ఆఁ, వచ్చె వచ్చె," అంది దేశమ్మ.

వకుళ కర్ర పారేసింది. రెండు చేతులూ మసిలే కాగులో పెట్టి గుడ్డను లాగేసింది. దేశమ్మ కెవ్వుమంది. పొగలు కక్కుతున్న ఆ గుడ్డను రొమ్ముకు అదుముకుని వకుళ ముందు గదిలోకి పరుగెత్తి గడియ వేసుకుంది.

లోపల నేల మీద పడేసి, కాలిన వేళ్ళతోనే విప్పింది.

ముఖం లేదు. జుట్టుకూ మెడకూ మధ్య ఖాళీ గుడ్డ. పటిక చుక్క కూడా పడని చోటు.

చాలాసేపటికి తలుపు మీద చప్పుడైంది.

"గడియ తియ్యి పాపా. చెయ్యి చూడాల."

తీసింది. మునిరత్నమ్మ చేతిలో కలబంద మట్ట ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు. కింద కూర్చుని, మట్ట చీల్చి, బొబ్బలెక్కుతున్న వేళ్ళకు ఒక్కొక్కదానికే గుజ్జు పూస్తోంది. బయట దేశమ్మ, "ఏమైంది ఆ పిల్లకు, దయ్యం పట్టిందా," అంటోంది.

వకుళకు కోపం వచ్చింది. కోపంలోంచే ఏడుపు వచ్చింది.

"మిమ్మల్ని నమ్మి చెప్పినానమ్మా. మీకొక్కరికే చెప్పినా. తీసుకొచ్చి వాళ్ళందరి ముందర పెట్టినారే!"

మునిరత్నమ్మ పూయడం ఆపలేదు.

"ముఖం వెయ్యలేదు కదమ్మా," అంది. "నీదని ఎవరికి తెలుస్తుంది?"

వకుళ నేల మీది గుడ్డ వైపు చూసింది.

చెయ్యి పూర్తయ్యాక మునిరత్నమ్మ రెండో చెయ్యి అందుకుంది. వకుళే మెల్లగా అడిగింది.

"ఉతికితే పోతుందా ఇది?"

"ఉడికిన ఎరుపు పోతుందా? నీకు తెలీనిదా."

"మరి ఏం చెయ్యాల?"

"నాకు తెలీదు పాపా," అంది గురువు. తెలిసి దాచినట్టు కాదు, నిజంగానే తెలియనట్టు అంది. "గుడ్డ నీది. నీ ఇష్టం."

గుడ్డను ఎండలో ఆరేయలేదు వకుళ. గదిలోనే దండెం కట్టి, తలుపు వేసి ఆరబెట్టింది. ఢిల్లీకి గుడ్డ రాదని కబురు చెప్పించింది. వాళ్ళు కారణం అడిగారు. గీతలు పాకుతున్నాయని చెప్పమంది.

చేతి కట్లు విప్పిన రోజున ఆ గుడ్డ చంకలో పెట్టుకుని చెంగమ్మ ఇంటికి బయల్దేరింది. దారిలో బస్టాండు. పోస్టరు చింపుదామని ఇంతకుముందు ఒకసారి వచ్చింది గానీ బంక గట్టిది, గోరు మందం కూడా ఊడలేదు. ఇప్పుడు దాని మీద సగానికి ఏదో సినిమా పోస్టరు అంటించారు. 'మౌనం వీడండి' పోయింది, జుట్టు పోయింది, నెలవంక పోయింది. కింద ఆ రెండు చేతులు మాత్రం మిగిలాయి. తేలు స్పష్టంగా ఉంది.

చెంగమ్మ వాకిట్లో ఎనుమూ లేదు, దూడా లేదు. గుంజలు రెండూ ఉన్నాయి. పంచలో నులకమంచం ఖాళీగా ఉంది.

"అత్త..." అంది వకుళ.

"ఆమె కూతురొచ్చి ఆటోలో ఎక్కించుకుని పోయింది. నన్ను నాలుగు తిట్టి పోయింది," అంది చెంగమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ. ఒక మనిషికి సరిపడా బియ్యం. "ఏం పనిమీద వచ్చినారు?"

వకుళ గుడ్డను నేల మీద పరిచింది.

"ఇది నాది చెంగక్కా."

చెంగమ్మ మొదట అర్థంకాక చూసింది. తలుపు చూసింది, బస్తాలు చూసింది. ముడుచుకున్న మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చేట పక్కన పెట్టింది.

"ఎన్నో నెల?" అంది.

"ఐదు."

చెంగమ్మ చెయ్యి చాచి బొమ్మలోని కడుపు మీద వేళ్ళు ఆనించింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వకుళకు ప్రాణం లేచివచ్చినట్టయింది.

"మీది ఊరికి చూపించినాను," అంది గబగబా. "నాది తెచ్చి మీ చేతిలో పెడతాండా. మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండక్కా."

చెంగమ్మ వేళ్ళు వెనక్కి తీసుకుంది.

"దీన్ని యాడ తగిలించమంటారు?" అంది. "బస్టాండులోనా?"

వకుళ తల వంచుకుంది.

"నాకు మళ్ళా ఇంకొకరి ఏడుపు ఎందుకమ్మా? నాది నాకు చాల్లేదా?" చెంగమ్మ గొంతు పెంచలేదు. "ఆ ముసలిదానికి ముద్ద పెట్టినప్పుడల్లా చూసేదాన్ని, దీన్ని నేను క్షమించినానా లేదా అని. ఒకనాడు క్షమించినట్టుండేది. ఒకనాడు గొంతు పిసకబుద్ధయ్యేది. తేల్చుకుందామనుకున్నా. అది చచ్చేలోపల తేలిపోతుంది అనుకున్నా. నేను తేల్చుకోకముందే మీరు ఊరికి చెప్పేసినారు."

గొంతు లేదన్న మనిషి గొంతు ఇది. వాన నిలిచిన పొద్దున కూడా విన్నదే, అప్పుడు రంగుల గురించి ఆలోచిస్తూ విన్నది.

చెంగమ్మ గుడ్డ దగ్గరికి జరిగి, బొమ్మ లోపలికి వచ్చేలా మడిచింది. మళ్ళీ మడిచింది. ఇంక మడతపడదు అనేంతవరకు మడిచి, కాలిన మచ్చలున్న వకుళ చేతుల్లో పెట్టింది.

"తీసుకపొండి. ఇంకెవురికీ చూపించబాకండి," అంది. "నేను చెప్పన్లే ఎవురికీ."

వకుళ ఆ గుడ్డను పైట కింద పెట్టుకుని, బస్టాండు వైపు పోకుండా ఏటి ఇసుకలో దిగి చుట్టూ తిరిగి ఇంటికి వచ్చింది. మునిరత్నమ్మ పెరట్లో కొత్త గాడాను ప్యాకెట్ పాలలో తడుపుతోంది. గుడ్డ రెండో కొస అందించింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పిండారు.

ఆ ఏడు ఆ ఇంట్లో వేసిన బొమ్మలన్నిటికీ గీతలు కాస్త పాకి ఉంటాయి. చూడవచ్చిన పట్నంవాళ్ళు అదేదో కొత్త పద్ధతి అనుకుని తెగ మెచ్చుకున్నారు. వకుళ వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.